వెన్నుపూసలో గడ్డ ఉందన్నారా? పేరు తేల్చుకుని చికిత్స చేయించుకునే పద్ధతి

నడుము నొప్పికో మెడ నొప్పికో తీయించిన ఎమ్మారై రిపోర్టులో వెన్నుపూసలో గడ్డ ఉన్నట్టు రాసి ఉంటే ఇంట్లో అందరికీ మొదట తట్టేది క్యాన్సరే. పెద్ద వయసువారి విషయంలో ఆ అనుమానాన్ని తోసిపుచ్చలేము. రొమ్ములో, ఊపిరితిత్తుల్లో, ప్రొస్టేట్ గ్రంథిలో పుట్టిన క్యాన్సర్ వెన్నెముకకు పాకడం తరచుగా చూస్తున్నదే. అయితే వెన్నుపూసలోనే పుట్టి, సాధారణంగా మరో అవయవానికి పాకని గడ్డలు కూడా అనేకం ఉన్నాయి. వైద్యులు వీటిని బినైన్ గడ్డలు అంటారు. తెలుగులో నిరపాయకరమైనవని రాస్తున్నాం కానీ, వెన్నెముక దగ్గర ఆ మాట కొంత తప్పుదారి పట్టిస్తుంది. తొడ ఎముకలో రెండు సెంటీమీటర్ల గడ్డ పెరిగినా చుట్టూ కండ ఉంటుంది, చోటుంటుంది. అదే గడ్డ వెన్నుపూసలో పెరిగితే పక్కనే వెన్నుపాము, దాని నుంచి చేతులకూ కాళ్ళకూ వెళ్ళే నరాలూ ఉంటాయి.

ఈ గడ్డల్లో కొన్నిటికి జీవితాంతం ఏ చికిత్సా అక్కర్లేదు. కొన్ని ఒక్క పూటలో సూదితో నయమవుతాయి. మరికొన్నిటికి రోజంతా సాగే శస్త్రచికిత్స అవసరమవుతుంది. ఏది ఎవరికన్నది గడ్డ పేరు తేలిన తరువాతే తెలుస్తుంది. అందువల్ల కింద చెప్పిన పనులన్నిటి వెనుకా ఒకే నియమం ఉంది: కాళ్ళు పడిపోతున్న అత్యవసర పరిస్థితి తప్ప మరే సందర్భంలోనూ గడ్డ పేరు తేలకుండా మందులుగానీ ఆపరేషన్‌గానీ మొదలుపెట్టనివ్వకండి.

ముందుగా ఆగకూడని పరిస్థితి ఏదో తెలుసుకోండి

కాళ్ళలో బలం తగ్గి నడకలో తూలుతున్నా, మూత్రం బిగుసుకుపోయినా లేదా తెలియకుండా పోతున్నా, మలవిసర్జనపై అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా అది వెన్నుపాము లేదా నరాల మీద ఒత్తిడి పడుతోందనడానికి గుర్తు. అప్పుడు అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా, వెన్నెముక శస్త్రచికిత్స నిపుణులు, ఎమ్మారై సదుపాయం ఉన్న ఆసుపత్రి అత్యవసర విభాగానికి ఆ రోజే వెళ్ళాలి. నడవగలిగే స్థితిలో ఒత్తిడి తీసినవారు కోలుకున్నంతగా, పూర్తిగా పడిపోయిన తరువాత వచ్చినవారు కోలుకోరు. ఇక్కడ లెక్క రోజుల్లో కాదు, గంటల్లో.

నొప్పిని రాసి పెట్టండి

ఈ లక్షణాలేవీ లేకపోతే మీకు కొంత వ్యవధి ఉన్నట్టే. ఆ వ్యవధిలో చేయవలసిన మొదటి పనికి ఖర్చు లేదు. ఒక నోటు పుస్తకంలో వారం రోజుల పాటు నొప్పి ఎప్పుడు వస్తోందో, ఎప్పుడు తగ్గుతోందో, ఏ మాత్ర వేసుకుంటే ఎంతసేపటికి తగ్గిందో రాయండి. పనిచేస్తే పెరిగి పడుకుంటే తగ్గే నొప్పి చాలావరకు కండరాలది, డిస్కులది. పడుకున్నా తగ్గకుండా, రాత్రి రెండు గంటలకు నిద్ర లేపే నొప్పిని వైద్యుడు వేరే దృష్టితో చూస్తాడు.

పదేళ్ళ నుంచి పాతికేళ్ళలోపు వారిలో ఈ వివరం ఒక్కటే రోగాన్ని సగం పట్టిస్తుంది. ఆస్టియాయిడ్ ఆస్టియోమా అనే చిన్న గడ్డ ఉంది. 1935లో జాఫీ అనే అమెరికన్ పాథాలజిస్టు దీన్ని ప్రత్యేకమైన వ్యాధిగా వర్ణించాడు. దీని నడిమి భాగాన్ని నైడస్ అంటారు, అంటే గూడు. సాధారణంగా ఒకటిన్నర సెంటీమీటర్లకు మించని ఆ గూడు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను మోతాదుకు మించి తయారుచేస్తుంది, నొప్పికి కారణం అవే. ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్, నాప్రోక్సెన్ వంటి మాత్రలు సరిగ్గా ఆ రసాయనాల తయారీనే అడ్డుకుంటాయి కనుక మాత్ర వేసుకున్న అరగంటకో గంటకో పిల్లవాడు హాయిగా నిద్రపోతాడు. రాత్రి నొప్పి, ఆ మాత్రతో ఆశ్చర్యకరమైన ఉపశమనం, ఈ రెండూ కలిసి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. ఒక హెచ్చరిక: పరీక్ష కోసమని పదహారేళ్ళలోపు పిల్లలకు, ముఖ్యంగా జ్వరం ఉన్నప్పుడు, మీ అంతట మీరు ఆస్పిరిన్ ఇవ్వకండి.

అలాగే పిల్లల వీపును ఒకసారి వెనుక నుంచి చూడండి. రెండు కాళ్ళు దగ్గరగా పెట్టి ముందుకు వంగమంటే వెన్ను ఒక పక్కకు వంకర తిరిగి కనిపిస్తుందా? ఎదిగే వయసులో కారణం తెలియకుండా వచ్చే మామూలు వెన్ను వంకరకు సాధారణంగా తీవ్రమైన నొప్పి ఉండదు. నొప్పితో పాటు వంకర వచ్చిందంటే లోపల ఏదో ఉందని అనుమానించి తీరాలి. గడ్డ ఉన్న వైపు కండరాలు బిగుసుకుపోవడం వల్ల వెన్ను అటు వంగుతుంది, కాబట్టి గడ్డ వంపు లోపలి వైపున దొరుకుతుంది. ఇలాంటి పిల్లలను చదువు ఎగ్గొట్టడానికి సాకులు చెబుతున్నారనో, బడి సంచీ బరువనో నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టడం, బెల్టు కట్టించడం చూస్తే బాధ కలుగుతుంది. ఆ నెలలు ఎందుకు విలువైనవో చికిత్స దగ్గర చెబుతాను.

పరీక్షలను వరుసలో చేయించండి

ఎక్స్‌రేతో మొదలుపెట్టండి, కానీ అందులో ఏమీ కనిపించలేదని ఊరట చెందకండి. వెన్నుపూసలో ఎముక 30 నుంచి 50 శాతం దాకా కరిగితేగాని మామూలు ఎక్స్‌రేలో తేడా తెలియదు. ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో ప్రతి పూసకూ రెండు కళ్ళలా రెండు గుండ్రని నీడలు కనిపిస్తాయి. అవి పెడికిళ్ళు, అంటే పూస ముందు భాగాన్ని వెనుక భాగంతో కలిపే ఎముక స్తంభాలు. వాటిలో ఒకటి మాయమైతే పూస కన్ను గీటినట్టు ఉంటుంది, అక్కడ ఎముకను ఏదో తినేసిందని అర్థం.

తరువాతి పరీక్ష ఎమ్మారై అని అందరికీ తెలుసు. వెన్నుపాము మీద ఒత్తిడి ఎంత ఉందో, గడ్డ మెత్తని భాగాల్లోకి ఎంత చొచ్చుకుపోయిందో అది చూపినంత స్పష్టంగా మరేదీ చూపదు. అయితే ఎముక గడ్డల విషయంలో ఎమ్మారై ఒక్కదాని మీద ఆధారపడడం పొరపాటు. ఆస్టియాయిడ్ ఆస్టియోమా చుట్టూ ఎముకలో వాపు, నీరు ఎక్కువగా ఉంటాయి. ఎమ్మారైలో ఆ వాపే పెద్దదిగా కనిపించి, అసలు గూడు దానిలో మరుగునపడుతుంది. రిపోర్టులో ఇన్‌ఫెక్షన్ అనో ప్రమాదకరమైన గడ్డ అనో రాసే అవకాశం ఉంది. ఎముక గూడును పట్టించేది పలుచని కోతలతో తీసిన సీటీ స్కాన్. కాబట్టి ఎమ్మారైలో వెన్నుపూస గడ్డ అని వస్తే, ఆ ఒకటి రెండు పూసలకు మాత్రం ఒక మిల్లీమీటరు కోతలతో సీటీ తీయించాలా అని మీరే అడగండి. ఎన్నో పూసో తెలియక నొప్పి మాత్రమే ఉన్నప్పుడు ఒంట్లోని ఎముకలన్నిటినీ చూపే బోన్ స్కాన్ ఉపయోగపడుతుంది.

పెట్ స్కాన్ గురించి ఒక మాట. అందులో వెలిగినదంతా క్యాన్సర్ కాదు. నిరపాయకరమైన జెయింట్ సెల్ గడ్డ, పిల్లల్లో వచ్చే ఇయోసినోఫిలిక్ గ్రాన్యులోమా, టీబీ కూడా అందులో బాగా వెలుగుతాయి.

రక్తపరీక్షల్లో రక్తకణాల లెక్క, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, క్యాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, కిడ్నీ పరీక్షలు, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోను ఉండేలా చూసుకోండి. చివరిదాన్ని చాలాచోట్ల రాయరు, కానీ దాని విలువ ఎక్కువ. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినప్పుడు ఎముకల్లో బ్రౌన్ ట్యూమర్ అనే బొరియలు ఏర్పడతాయి. సూక్ష్మదర్శిని కింద అవి జెయింట్ సెల్ గడ్డలాగే కనిపిస్తాయి. అసలు తేడా రక్తంలో ఉంటుంది. ఒక్క హార్మోను పరీక్ష చేయించి ఉంటే గ్రంథికి చిన్న ఆపరేషన్‌తో పోయేదానికి వెన్నెముక మొత్తం తెరిచే పరిస్థితి రాకూడదు. నలభై దాటినవారికి మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ కోసం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరిసిస్, పెద్దవయసు పురుషులకు ప్రొస్టేట్ కోసం పీఎస్‌ఏ కూడా ఇదే విడతలో చేయించడం మంచిది.

టీబీయా, గడ్డా?

మన దేశంలో వెన్నుపూస పాడైందంటే మొదట టీబీ అనుకోవడంలో తప్పు లేదు. ఎముకల టీబీ ఎక్కువగా వచ్చేది వెన్నెముకకే. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, అనుమానం నిర్ధారణగా మారిపోవడంలో. స్కాన్ చూసి టీబీ కావచ్చు అంటారు, ఏడాది కోర్సు మొదలుపెడతారు, ఆరు నెలలైనా నొప్పి తగ్గకపోతే మందులకు లొంగని టీబీ అంటారు. ఈలోగా గడ్డ తన పని తాను చేసుకుపోతుంది.

స్కాన్‌లో రెండిటికీ కొన్ని తేడాలుంటాయి. టీబీ సాధారణంగా పక్కపక్కనున్న రెండు పూసలనూ వాటి మధ్య డిస్కునూ పాడుచేస్తుంది, పూసల పక్కన చీము తిత్తి చేరుతుంది, ముందు భాగం కుంగి గూని ఏర్పడుతుంది. గడ్డ మామూలుగా ఒకే పూసలో మొదలవుతుంది, డిస్కు చెక్కుచెదరకుండా నిలుస్తుంది. అయితే ఈ సూత్రం రెండు వైపులా తప్పుతుంది. ఒకే పూసకు పరిమితమైన టీబీ, డిస్కును వదిలేసిన టీబీ, వెనుక భాగానికి మాత్రమే వచ్చిన టీబీ ఉన్నాయి. జెయింట్ సెల్ గడ్డ, ఆన్యూరిజ్మల్ బోన్ సిస్ట్ పక్క పూసలోకి దాటడమూ ఉంది. అందుకే ముక్క తీసి పరీక్షించడం తప్పనిసరి.

మా వైపు మరో చిక్కు ఉంది. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో తరాలుగా ఫ్లోరైడ్ నీళ్ళు తాగినవారి ఎముకలు ఎక్స్‌రేలో సున్నంలా తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి. అలాంటి వెన్నెముకలో గట్టి గడ్డను గుర్తించడమూ కష్టమే, లేని గడ్డను ఉన్నట్టు భావించడమూ తేలికే. మీరు పెరిగిన ఊరు ఏదో, ఏ నీళ్ళు తాగారో డాక్టరుకు చెప్పండి, వేరే రాష్ట్రంలోనో దేశంలోనో చూపించుకుంటుంటే మరీ ముఖ్యంగా చెప్పండి.

బయాప్సీ: తొందరపడకూడనిది, తప్పించుకోకూడనిది

మూడు రకాలకు ముక్క తీయనవసరం లేకుండానే స్కాన్ చూసి పేరు చెప్పవచ్చు: ముద్ర స్పష్టంగా ఉన్న హీమాంజియోమా (రక్తనాళాల గడ్డ), ఎముకలో ఎముక గట్టిపడిన మచ్చలా ఉండే బోన్ ఐలాండ్, లక్షణాలూ సీటీ చిత్రమూ సరిగ్గా కుదిరిన ఆస్టియాయిడ్ ఆస్టియోమా. మిగిలినవాటికి బయాప్సీ కావాలి. ముక్క తీస్తే గడ్డ రెచ్చిపోయి ఒళ్ళంతా పాకుతుందన్న భయం మన ఇళ్ళలో బలంగా ఉంది. సరైన దారిలో తీసిన సూది బయాప్సీ వల్ల అలా జరగదు. తప్పు దారిలో తీస్తే మాత్రం నష్టం నిజంగానే ఉంటుంది, అందుకే ఈ దశలో ఎక్కువ జాగ్రత్త అవసరం.

బయాప్సీ ఎక్కడ చేయించాలంటే, చివరికి ఆపరేషన్ ఎవరు చేస్తారో వారి పర్యవేక్షణలో. సూది వెళ్ళిన దారిలో గడ్డ కణాలు కొన్ని మిగిలే అవకాశం ఉంటుంది. రేపు గడ్డను మొత్తంగా తీయవలసి వస్తే ఆ దారిని కూడా కలిపి తీయాలి. ఒక ఊళ్ళో సూది వేయించుకుని మరో ఊళ్ళో ఆపరేషన్ చేయించుకుంటే ఆ దారి సర్జన్ గీసుకున్న కోతకు దూరంగా ఉండిపోవచ్చు. పొట్ట గోడ తెరిచి లేదా వెనుక పెద్ద కోత పెట్టి ముక్క తీద్దామంటే, సీటీ చూస్తూ పెడికిల్ గుండా సూదితో తీయడం ఎందుకు కుదరదో అడగండి. చాలామందికి అదే సరిపోతుంది, స్థానికంగా మత్తిచ్చి చేస్తారు, పిల్లలకు మాత్రం పూర్తి మత్తు అవసరమవుతుంది. సన్నసూదితో కణాలు మాత్రమే లాగే ఎఫ్‌ఎన్‌ఏసీ ఎముక గడ్డలకు చాలదు, కడ్డీలాంటి కోర్ ముక్క కావాలి. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే వాటిని ఎన్ని రోజుల ముందు ఆపాలో ముందే తెలుసుకోండి.

ఇక్కడ కుటుంబ సభ్యులు స్వయంగా చూసుకోవలసిన ఒక చిన్న విషయం ఉంది. తీసిన ముక్కలను రెండు సీసాల్లో పంపాలి. పాథాలజీకి వెళ్ళేది ఫార్మలిన్‌లో, టీబీ కల్చరుకూ, టీబీ క్రిమి జన్యువును పట్టే సీబీనాట్ పరీక్షకూ వెళ్ళేది ఫార్మలిన్ లేని సెలైన్‌లో. ఫార్మలిన్ తగిలితే సూక్ష్మక్రిములు చచ్చిపోతాయి, కల్చరు పెట్టడానికి ఏమీ మిగలదు. అన్నీ ఒకే ఫార్మలిన్ సీసాలో వేసి పంపిన తరువాత, టీబీ సంగతి తేలలేదు, మళ్ళీ సూది వేయాలి అన్న మాట వినవలసి వస్తుంది. సూది గదిలోకి వెళ్ళేముందే ఈ రెండు సీసాల గురించి ఒక్కసారి అడిగితే చాలు.

రిపోర్టు వచ్చాక పాథాలజిస్టు రాసిన పేరును స్కాన్‌లతో కలిపి చదవాలి. నిరపాయకరమైన ఆన్యూరిజ్మల్ బోన్ సిస్ట్‌లా కనిపించే ఆస్టియోసార్కోమా (ఎముక క్యాన్సర్) రకం ఒకటుంది, ఆస్టియోబ్లాస్టోమాను పోలిన రకమూ ఉంది. అందువల్ల సర్జన్, రేడియాలజిస్టు, పాథాలజిస్టు ముగ్గురూ ఒకే పేరు మీదికి వచ్చారా అన్నది మీరు అడగవలసిన ప్రశ్న. ఏ ఒక్కరికి సందేహం ఉన్నా గాజు స్లైడ్లనూ, ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులనూ అడిగి తీసుకుని, ఎముక గడ్డలు ఎక్కువగా చూసే ముంబయి టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వంటి కేంద్రానికి రెండో అభిప్రాయం కోసం పంపవచ్చు. వాటిని అడిగి తీసుకోవడానికి మొహమాటపడనక్కర్లేదు. జెయింట్ సెల్ గడ్డలో హెచ్3ఎఫ్3ఎ అనే జన్యువులో మార్పు, ఆన్యూరిజ్మల్ బోన్ సిస్ట్‌లో యూఎస్‌పీ6 జన్యువులో మార్పు ఎక్కువమందిలో కనిపిస్తాయి. సందేహం మిగిలితే ఆ పరీక్షలూ చేయిస్తారు.

పేరు తేలాక ఏం చేయాలి

హీమాంజియోమా అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది. శవపరీక్షల్లో ప్రతి పదిమందిలో సుమారు ఒకరి వెన్నెముకలో ఇది ఉన్నట్టు తేలింది. సీటీలో చుక్కలు చల్లినట్టు, ఎక్స్‌రేలో నిలువు గీతలు గీసినట్టు ఉంటుంది. డిస్కు నొప్పికి ఎమ్మారై తీయించుకుంటే పక్కన ఎక్కడో ఇది బయటపడుతుంది. నొప్పికి కారణం ఇది కాకపోవచ్చు, నరాల మీద ఒత్తిడి లేకపోతే చికిత్స అక్కర్లేదు, పదేపదే ఎమ్మారైలు కూడా అక్కర్లేదు. కొద్దిమందిలో మాత్రం పూస ఉబ్బి వెన్నుపాము మీదికి వస్తుంది, గర్భిణుల్లో చివరి మూడు నెలల్లో అలా బయటపడడం తెలిసిన విషయమే. కేవలం నొప్పి ఉంటే పూసలో సిమెంటు నింపే వెర్టిబ్రోప్లాస్టీ చేస్తారు. ఈ పద్ధతిని 1984లో ఫ్రాన్సులో మొట్టమొదట చేసింది మెడలోని రెండో పూస హీమాంజియోమాకే. ఒత్తిడి ఉంటే రక్తనాళాన్ని మూసి, ఆపరేషన్‌తో ఒత్తిడి తీస్తారు. బోన్ ఐలాండ్‌కు చేయవలసింది ఏమీ లేదు.

ఆస్టియాయిడ్ ఆస్టియోమాకు మూడు దారులున్నాయి. మొదటిది నొప్పి మాత్రలతో వేచి ఉండడం, కొన్నేళ్ళలో గడ్డ తనంతట తాను చల్లారడం నిజమే. అయితే కడుపు, కిడ్నీలు అంతకాలం ఆ మాత్రలను తట్టుకోవాలి, ఈలోగా వెన్ను వంకర స్థిరపడిపోకూడదు. వంకర ఉన్న పిల్లల్లో లక్షణాలు మొదలైన పదిహేను నెలల్లోగా గడ్డ తీసేస్తే వెన్ను చాలావరకు తిరిగి నిటారు అవుతుందనీ, ఆలస్యమైతే వంకర మిగిలిపోతుందనీ అనుభవం చెబుతోంది. ముందు నేను విలువైనవన్న నెలలు ఇవే. రెండో దారి రేడియో ఫ్రీక్వెన్సీ అబ్లేషన్. 1992లో అమెరికాలో మొదలైన ఈ పద్ధతిలో సీటీ చూస్తూ సన్నని సూదిని గూడులోకి దింపి, దాని కొనను సుమారు 90 డిగ్రీలకు వేడిచేసి ఐదారు నిమిషాలు ఉంచుతారు. చాలామంది మరుసటి రోజే ఇంటికి వెళతారు, ఆ రాత్రే నొప్పి లేకుండా నిద్రపోయినవారున్నారు. వెన్నెముకలో దీనికి ఒక హద్దు ఉంది. గూడుకూ నరానికీ మధ్య దూరం ఒక సెంటీమీటరు కన్నా తక్కువైతే, మధ్యలో గట్టి ఎముక పొర లేకపోతే వేడి నరానికి తగిలే ప్రమాదం ఉంటుంది. చల్లని సెలైన్‌నో వాయువునో మధ్యలో నింపి నరాన్ని కాపాడే ఉపాయాలున్నాయి, కానీ అవి అలవాటున్న చేతుల్లోనే చేయించుకోవాలి. అలా కుదరనప్పుడు మూడో దారి ఆపరేషన్: సీటీ, నావిగేషన్ సాయంతో గూడును మాత్రమే కచ్చితంగా గుర్తించి తీసేయడం. చుట్టూ గట్టిపడిన ఎముకనంతా తీయనక్కర్లేదు.

అదే కుటుంబానికి చెందిన, రెండు సెంటీమీటర్లకు మించి పెరిగే గడ్డను ఆస్టియోబ్లాస్టోమా అంటారు. దీని నొప్పి మాత్రలకు అంతగా లొంగదు, నరాల లక్షణాలు ఎక్కువ, వేచి చూస్తే ఆగదు. చికిత్స ఆపరేషనే. ఎంత తీయాలన్నది ఎన్నెకింగ్ దశలను బట్టి నిర్ణయిస్తారు. ఒకటో దశ నిద్రాణంగా ఉండే గడ్డ, రెండోది నెమ్మదిగా పెరిగేది, మూడోది ఎముక గోడ దాటి దూసుకుపోయేది. రెండో దశ గడ్డను లోపలి నుంచి శుభ్రంగా గీకి తీయడం సరిపోవచ్చు. మూడో దశ గడ్డను పగలగొట్టకుండా ఒకే ముద్దగా తీయడానికి ప్రయత్నించాలి, లేకపోతే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. మీ గడ్డ ఎన్నో దశలో ఉందని సర్జన్ రాశారో అడిగి తెలుసుకోండి. వెన్నుపూసను గడియారంలా పన్నెండు భాగాలుగా విభజించి గడ్డ ఎక్కడెక్కడ ఉందో గుర్తించే పటం కూడా ఉంది, వారి ప్రణాళిక దాని మీదే నడుస్తుంది.

ఆన్యూరిజ్మల్ బోన్ సిస్ట్ సాధారణంగా ఇరవై ఏళ్ళలోపు వారికి వస్తుంది. రక్తం నిండిన గదులు, ఎమ్మారైలో కుండలో తేరుకున్న నీటిలా మట్టాలు విడివిడిగా కనిపిస్తాయి. పేరులో సిస్ట్ ఉందని తేలికగా తీసుకోవద్దు, తెరిస్తే రక్తం ధారలా పోతుంది. అందుకే నరాల మీద ఒత్తిడి లేనివారికి ఆపరేషన్ కన్నా ముందు ఎంబోలైజేషన్ గురించి అడగండి. తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి గడ్డకు రక్తం తెచ్చే నాళాలను మూసేస్తారు. ఇది కొన్ని నెలల వ్యవధితో కొన్నిసార్లు చేయవలసి రావచ్చు, కొందరికి ఇదొక్కటే చికిత్సగా సరిపోతుంది. వెన్నుపాముకు రక్తం తెచ్చే ముఖ్యమైన నాళం అదే మూలం నుంచి బయలుదేరుతుంటే మాత్రం ఎంబోలైజేషన్ చేయకూడదు, లేకపోతే కాళ్ళు పడిపోతాయి. ముందుగా యాంజియోగ్రామ్ తీసేది దాన్ని వెతకడానికే.

జెయింట్ సెల్ గడ్డ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇరవై నుంచి నలభై ఏళ్ళ మధ్య వయసువారికి, వెన్నెముకలో ఎక్కువగా త్రికాస్థికి, అంటే నడుము కింద కటివలయంలో ఉండే ఎముకకు వస్తుంది. అక్కడ చోటు ఎక్కువ కాబట్టి బయటపడేసరికి గడ్డ చాలా పెద్దదై ఉంటుంది, కూర్చుంటే నొప్పి, మలబద్ధకం వంటి లక్షణాలతో మొలల వైద్యం చేయించుకుని వచ్చినవారూ ఉంటారు. నిరపాయకరమైన గడ్డే అయినా నూటికి ఇద్దరు ముగ్గురిలో ఊపిరితిత్తులకు చేరుతుంది, కాబట్టి ఛాతీ సీటీ తప్పనిసరి. 2013లో అమెరికా ఔషధ సంస్థ దీనికి డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్‌ను అనుమతించింది. చర్మం కింద 120 మిల్లీగ్రాములు నాలుగు వారాలకొకసారి, మొదటి నెలలో 8వ, 15వ రోజుల్లో అదనంగా ఇస్తారు. ఎముకలు గుల్లబారినవారికి ఆరు నెలలకొకసారి ఇచ్చే 60 మిల్లీగ్రాముల మోతాదు వేరు, మందుల దుకాణంలో ఈ తేడాను గమనించుకోండి. మొదలుపెట్టేముందు పళ్ళ డాక్టరుకు చూపించుకుని, పీకవలసిన పన్ను ఉంటే ముందే పీకించుకోవాలి, ఎందుకంటే ఈ మందు వాడుతుండగా పన్ను తీస్తే దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. క్యాల్షియం, విటమిన్ డి తీసుకుంటూ రక్తంలో క్యాల్షియం చూసుకోవాలి, గర్భం రాకుండా జాగ్రత్తపడాలి.

ఈ ఇంజెక్షన్ గడ్డను అదుపులో ఉంచుతుంది కానీ నిర్మూలించదు, ఆపితే మళ్ళీ పెరుగుతుంది. పైగా దీని ప్రభావంతో గడ్డ చుట్టూ కొత్త ఎముక పేరుకుని, కణాలు అందులో దాక్కుంటాయి. తరువాత గీకి తీసే ఆపరేషన్ చేస్తే అవి మిగిలి, గడ్డ తిరిగి రావడం ఎక్కువైందని గమనించారు. అందువల్ల ఆపరేషన్‌తో మొత్తంగా తీయగలిగిన గడ్డకు దీన్ని అలవాటుగా వాడడం సరికాదనీ, తీయలేని త్రికాస్థి గడ్డలకు ఇది గొప్ప ఆసరా అనీ నా అభిప్రాయం. త్రికాస్థి ఆపరేషన్‌కు సంతకం చేసేముందు ఏ నరాలు మిగులుతాయో తప్పక అడగండి. రెండు వైపులా రెండో త్రిక నరం నుంచి కిందివన్నీ తెగితే మూత్ర, మల విసర్జనల మీద అదుపు, లైంగిక సామర్థ్యం పోతాయి. ఒక వైపు నరాలైనా పూర్తిగా మిగిలితే అదుపు చాలావరకు నిలుస్తుంది. పెళ్ళి కావలసిన వయసువారికి ఈ మాట ఆపరేషన్ తరువాత తెలియడం అన్యాయం.

ఇయోసినోఫిలిక్ గ్రాన్యులోమా పదేళ్ళలోపు పిల్లలది. పూస అప్పడంలా అణిగిపోయి కనిపిస్తుంది, పైనా కిందా డిస్కులు మాత్రం బాగుంటాయి. చూడడానికి భయంకరంగా ఉన్నా దీనంత మంచి గడ్డ మరొకటి లేదు. లుకేమియా, యూయింగ్ సార్కోమా వంటి క్యాన్సర్లు కాదని బయాప్సీతో నిర్ధారించుకున్నాక బెల్టు వేసి వేచి చూస్తే నొప్పి తగ్గుతుంది, ఎదిగే కొద్దీ పూస కోల్పోయిన ఎత్తును చాలావరకు తిరిగి తెచ్చుకుంటుంది. ఇతర ఎముకల్లోనూ ఉందేమో చూడాలి, పిల్లవాడు విపరీతంగా నీళ్ళు తాగి విపరీతంగా మూత్రం పోస్తుంటే డాక్టరుకు చెప్పాలి.

ఆస్టియోకాండ్రోమా అనే ఎముక మొలక నరాన్ని నొక్కితేనే తీయాలి. పెద్దవారిలో అది పెరగడం మొదలైనా, పైన మృదులాస్థి పొర రెండు సెంటీమీటర్లకు మించినా క్యాన్సర్‌గా మారుతోందేమో చూడాలి.

వీటిలో దేనికైనా రేడియేషన్ ఇస్తామంటే, ముఖ్యంగా ముప్పై ఏళ్ళలోపు వారికి, మరో దారి లేదా అని గట్టిగా అడగండి. రేడియేషన్ పడిన ఎముకలో ఏళ్ళ తరువాత సార్కోమా పుట్టే ప్రమాదం ఉంది. మిగతా దారులన్నీ మూసుకుపోయినప్పుడే దాన్ని ఎంచుకోవాలి.

ఆపరేషన్‌కు ఒప్పుకునేముందు

ఇలాంటి ఆపరేషన్లు ఏడాదికి ఎన్ని చేస్తారని సర్జన్‌ను అడగడం అమర్యాద కాదు. ముందు రోజో రెండు రోజుల ముందో ఎంబోలైజేషన్ చేస్తారా, ఎన్ని సీసాల రక్తం సిద్ధం చేయాలి, ఆపరేషన్ సాగుతుండగా నరాల పనితీరును యంత్రంతో గమనిస్తారా, మొత్తంగా తీస్తారా గీకి తీస్తారా, రాడ్లు స్క్రూలు వేస్తారా అన్నవి ముఖ్యమైన ప్రశ్నలు. టైటానియం స్క్రూలు తరువాతి ఎమ్మారైలో నీడలు వేస్తాయి కాబట్టి, గడ్డ తిరిగి వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నప్పుడు కార్బన్ ఫైబర్ స్క్రూలు దొరుకుతాయా అని అడగవచ్చు, అవి ఖరీదైనవే. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కిందికి మీ ఆపరేషన్ వస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర చేరకముందే కనుక్కోండి, అనుమతి రావడానికి బయాప్సీ రిపోర్టు, స్కాన్‌లు కావాలి.

తరువాత

గడ్డ తీసిన వెంటనే, కుట్లు మానేలోగా ఒక సీటీ, మూడు నెలలకు ఒక ఎమ్మారై తీయించుకుంటే అవి ముందు ముందు పోల్చుకోవడానికి కొలబద్దలు అవుతాయి. జెయింట్ సెల్ గడ్డ, ఆన్యూరిజ్మల్ బోన్ సిస్ట్, ఆస్టియోబ్లాస్టోమా తిరిగి వస్తే చాలావరకు మొదటి రెండు మూడేళ్ళలోనే వస్తాయి, కాబట్టి ఆ కాలంలో ఆరు నెలలకొకసారి, తరువాత ఏడాదికొకసారి చూపించుకోవాలి. పిల్లలకైతే ఎదుగుదల ఆగేదాకా వెన్ను వంకర కోసం కూడా చూడాలి.

స్కాన్‌ల ఫిల్ములు కాలక్రమంలో వెలిసిపోతాయి, రిపోర్టు కాగితం ఒక్కటే పోల్చడానికి పనికిరాదు. ప్రతిసారీ స్కాన్ సీడీ అడిగి తీసుకుని, ఫోనులోనో కంప్యూటరులోనో నకలు పెట్టుకుని, తారీఖు రాసి ఒకే సంచిలో దాచండి. మొదట రాసిన నొప్పి పుస్తకాన్ని కూడా అందులోనే ఉంచండి. రెండేళ్ళ తరువాత ఒక రాత్రి అదే చోట, అదే తీరున నొప్పి మొదలైతే, మాత్రలు కొనుక్కోకముందు ఆ సంచి తీసుకుని ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే వెళ్ళండి.